గోరంత గడ్డ.. కొండంత బాధ

పాములపాడు దగ్గర ఓ పత్తిచేను అనుకోండి. తెల్లారి కురిసిన మంచు ఇంకా ఆరలేదు. సాళ్ల వెంట నడుస్తూ పత్తి తీస్తున్న ఆడవాళ్లలో ఒకామె ఉన్నట్టుండి ‘అబ్బా’ అంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎండిన కాయ డొప్ప మొన కుడిచేతి చూపుడువేలి గోటికి తగిలింది. అంతే! రక్తం లేదు, గాయం లేదు. కానీ భుజం దాకా కరెంటు పాకినట్టయింది. వేలిని కొంగులో చుట్టుకుని, ఒడిలో దాచుకుని గట్టు మీద కూలబడిపోయింది. ‘ఏమైంది వదినా.. తేలు గాని కుట్టిందా?’ అంటూ పక్క సాలులో ఆమె పరుగెత్తుకొచ్చింది. కొంగు విప్పి చూస్తే ఏమీ లేదు.

ఆ ‘ఏమీ లేదు’ దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

ఈమె ఫలానా ఊరి ఫలానా మనిషి కాదు. ఇలాంటి బాధ పడ్డవాళ్ల గురించి డాక్టర్లు రాసిపెట్టిన ఎన్నో కేసుల్ని కలిపి గీసిన బొమ్మ. బొమ్మే అయినా, చదువుతుంటే చాలామందికి తమ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న మనిషి గుర్తుకు రావచ్చు.

ఇంటికెళ్లాక అత్తగారు వేలు పట్టుకు చూసి ‘గోరుచుట్టులేయ్.. నిమ్మకాయ తొడుక్కుంటే రెండు దినాల్లో పోతుంది’ అంది. తొడుక్కుంది. పోలేదు. గోరుచుట్టయితే వాపు ఉండాలి, ఎర్రబారాలి, చీము పట్టాలి. ఇక్కడ అవేమీ లేవు. ఆరెంపీ డాక్టరు నొప్పి మాత్రలిచ్చాడు. ఆయన దగ్గర తగ్గకపోతే ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు. ఒకరు ‘నరాల బలహీనత’ అని బీ కాంప్లెక్స్ రాశారు. మరొకరు ‘మెడలో నరం ఒత్తుకుంటోంది’ అని పట్టీ కట్టారు. ఇంకొకరు కీళ్లవాతం పరీక్షలు చేయించారు. ఎక్స్‌రే తీస్తే ‘ఎముక బాగానే ఉంది’ అన్నారు.

ఏళ్లు గడిచాయి. చలికాలం వస్తే చాలు, ఆమెకు వణుకు.. చలికి కాదు, చన్నీళ్లకి! తెల్లవారుజామున తొట్టిలో చెయ్యి పెట్టాలంటే భయం. రాత్రి దుప్పటి అంచు వేలికి రాసుకున్నా మెలకువ వచ్చేస్తుంది. వంటా వార్పూ, అంట్లూ గుడ్డలూ ఎడమచేత్తోనే. పత్తి తీతకు కూలి కిలోల లెక్కన కాబట్టి నాలుగు వేళ్లతో తీసే మనిషికి కూలీ కూడా ఆ లెక్కలోనే తగ్గుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, దీనికి తోడు ఇంట్లో మాటలొకటి. ‘పని తప్పించుకోవడానికి వేలు అడ్డం పెట్టుకుంటోంది’ అని మొదట గొణిగినవాళ్లు తర్వాత పైకే అనేశారు.

వైద్య పత్రికల్లో ఇంతకంటే ఘోరమైన కథలున్నాయి. ఏడేళ్లు, పదేళ్లు తిరిగినవాళ్లున్నారు. ‘మీ బాధ వేలిలో కాదు, మనసులో ఉంది’ అని మానసిక వైద్యుల దగ్గరకి పంపించిన కేసులూ ఉన్నాయి. చివరికి తేలిందేమిటంటే గోరు కింద కందిగింజంత గడ్డ. పేరు గ్లోమస్ ట్యూమర్.

ట్యూమర్ అనగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. ఇది క్యాన్సర్ కాదు. ఒంట్లోకి పాకదు, ప్రాణం తీయదు. క్యాన్సర్‌గా మారే రకం అత్యంత అరుదు. చేతిలో మెత్తటి కణజాలంలో పుట్టే గడ్డలు నూరు ఉంటే, అందులో ఇది ఒకటి నుంచి ఐదు లోపే. గోరు కింద వచ్చే రకం మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. అదీ 30 నుంచి 50 ఏళ్ల మధ్య.. అంటే ఇంటి చాకిరీ, పొలం చాకిరీ రెండూ నెత్తిన ఉండే వయసులో!

బనకచెర్ల గేట్లలాంటివే..

ఇంత చిన్న గడ్డకి అంత నొప్పేమిటి? ఇది తెలియాలంటే వేలి కొసలో ఏముందో చూడాలి.

పాములపాడు మండలంలోనే ఉన్న బనకచెర్ల క్రాస్ రెగ్యులేటర్‌ని నంద్యాల జిల్లా రైతులకి ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చిన కృష్ణ నీళ్లు ఇక్కడి గేట్ల దగ్గర దారులు చీలి ఏ కాలువకెంత అన్నది తేలుతుంది. మన వేళ్ల కొసల్లోనూ సరిగ్గా ఇలాంటి గేట్లే ఉంటాయి. వాటినే గ్లోమస్ బాడీలు అంటారు. గుండె నుంచి వచ్చే ధమని రక్తం మామూలుగా సన్నటి కేశనాళికల్లోంచి పారి సిరల్లోకి వెళ్తుంది. కానీ వేలి కొసల్లో అడ్డదారి కాలువలు కూడా ఉన్నాయి. ధమని నుంచి నేరుగా సిరలోకి! ఈ అడ్డకాలువ చుట్టూ కండరంలాంటి ప్రత్యేక కణాలు పొరలు పొరలుగా చుట్టుకుని ఉంటాయి. వాటి చుట్టూ నరాల అల్లిక. చలేస్తే గేటు మూసుకుంటుంది, వేడెక్కితే తెరుచుకుంటుంది. ఒంటి వేడిని కాపాడే ఏర్పాటు అన్నమాట.

మామూలుగా ఈ గేటు మిల్లీమీటరు కూడా ఉండదు. దాని చుట్టూ ఉండే కణాలు హద్దు మీరి పెరిగితే అదే గ్లోమస్ ట్యూమర్. ఎంత పెరిగినా సాధారణంగా సెంటీమీటరు దాటదు. కానీ ఉన్న చోటు చూడండి. పైన గట్టి గోరు, కింద ఎముక. మధ్యలో సందు లేదు. గడ్డ నిండా రక్తనాళాలు, నరాలు. చల్లటి నీళ్లు తగిలితే ఆ కణాలు బిగుసుకుంటాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఎటూ సాగడానికి చోటు లేని గదిలో ఒత్తిడి పెరిగితే ఏమవుతుంది? ప్రాణం విలవిల్లాడుతుంది!

ఈ బాధ ఈనాటిది కాదు. ఎడిన్‌బరోలో విలియం వుడ్ అనే సర్జన్ 1812లోనే ‘చర్మం కింద నొప్పి పుట్టించే చిన్న బుడిపెల’ గురించి రాశాడు. అవి ఏ కణాల నుంచి పుడుతున్నాయో తేలడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది. 1924లో పియెర్ మాసోన్ అనే ఫ్రెంచి పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూసి, ఇవి వేలి కొసల్లోని గ్లోమస్ బాడీల నుంచే వస్తున్నాయని తేల్చాడు.

మూడు మాటలు చెబితే చాలు

విచిత్రం ఏమిటంటే.. ఈ జబ్బుని పట్టుకోవడానికి ముందు కావాల్సింది మెషీను కాదు, చెవి. రోగి చెప్పేది పూర్తిగా వింటే సగం పని అయిపోయినట్టే. నొప్పి భరించలేనంతగా, పోటుపోటుగా ఉంటుంది. వేలు పెట్టి చూపించమంటే ‘ఇక్కడే’ అని ఒకే ఒక్క చుక్క చూపిస్తారు. చన్నీళ్లు, చలిగాలి తగిలితే రెచ్చిపోతుంది. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే డాక్టరు ముందు గ్లోమస్ గురించే ఆలోచించాలి. కొందరిలో గోరు కింద నీలంగానో, గులాబీ రంగులోనో చిన్న మచ్చ కనిపిస్తుంది. కొందరిలో గోరు మీద పొడుగ్గా గీత పడుతుంది, లేదా అక్కడే చీలుతుంది. ఏ గుర్తూ లేకపోవడమూ మామూలే.

ఇక డాక్టరు చేసే పరీక్ష మరీ సులువు. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ గ్రాఫ్టన్ లవ్ 1944లో రాసిన కిటుకు ఇప్పటికీ చెల్లుతోంది. గుండుసూది తల.. మొన కాదు సుమా.. తీసుకుని గోరు మీద అక్కడక్కడా మెల్లగా నొక్కుతారు. పక్కన నొక్కితే ఏమీ ఉండదు. సరిగ్గా గడ్డ ఉన్న చోట నొక్కితే మనిషి ఎగిరిపడతారు. రెండోది 1970లో హిల్డ్రెత్ చెప్పిన పరీక్ష. బీపీ చూసే పట్టీని చేతికి చుట్టి, రక్తం ఆగేదాకా గాలి కొట్టి మళ్లీ నొక్కుతారు. రక్తం లేని గడ్డ నొప్పి పెట్టదు. పట్టీ వదలగానే నొప్పి ఉరుకుతూ వస్తుంది. ఈ పరీక్ష డాక్టరు దగ్గర చేయించుకోవాల్సిందే. ఇంట్లో తాడు కట్టుకుని చూసే ప్రయోగాలు వద్దు.

ఎక్స్‌రేలో ఎందుకు కనపడలేదు?

ఈ ప్రశ్నకి జవాబు ప్రపంచంలో అన్నిటికంటే పేరుపడ్డ ఎక్స్‌రే బొమ్మలోనే ఉంది. 1895 డిసెంబరులో రాంట్‌జన్ తన భార్య చేతిని ఎక్స్‌రే తీశాడు. అందులో వేళ్ల ఎముకలు స్పష్టంగా కనిపిస్తాయి, వేలికున్న ఉంగరం నల్లటి ముద్దలా కనిపిస్తుంది. మరి కండ? పలచటి నీడలా! ఎక్స్‌రే చూపించగలిగేది ఎముకనీ, లోహాన్నీ. గ్లోమస్ గడ్డ మెత్తటి కండలాంటిది, అదీ కందిగింజంత. అందులో దొరక్కపోవడంలో తప్పు ఎక్స్‌రేది కాదు. దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాం.

అలాగని ఎక్స్‌రే దండగ అనుకోవద్దు. గడ్డ ఏళ్ల తరబడి ఎముక మీద ఒత్తుతూ ఉంటే, వేలి చివరి ఎముక మీద గరిటెతో గీకినట్టు చిన్న గుంట పడుతుంది. ఇది అందరిలో రాదు. కానీ పడితే మంచి ఆధారం. ఆ వేలితోపాటు రెండో చేతి అదే వేలిని కూడా తీయించి పక్కపక్కన పెట్టి చూస్తే, గోరుకీ ఎముకకీ మధ్య ఖాళీలో తేడా కూడా దొరకొచ్చు. కాబట్టి ఎక్స్‌రేలో గుంట ఉంటే అనుమానం బలపడుతుంది. లేకపోతే గడ్డ లేదని కాదు. ఎంతోమంది చేతిలో ‘నార్మల్’ కాగితం పెట్టుకుని ఏళ్లపాటు తిరగడానికి కారణం ఈ రెండో మాట ఎవరూ చెప్పకపోవడమే.

తర్వాతది అల్ట్రాసౌండ్. అల్ట్రాసౌండ్ అంటే కడుపులో బిడ్డని చూసేదే కదా అనుకుంటాం. అదే మెషీను. కానీ కడుపు చూసే ప్రోబ్ వేలికి పనికిరాదు. లోతుగా వెళ్లే ధ్వని తరంగాలకి సన్న వివరాలు అందవు. చర్మానికి దగ్గరగా ఉన్నవాటికి ఎక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్ కావాలి. 15 మెగాహెర్ట్జ్, ఆపైన ఉంటే మరీ మంచిది. హాకీ కర్రలా వంగిన చిన్న ప్రోబ్‌లు ఇందుకే వచ్చాయి. గోరు మీద జెల్ మందంగా వేసి, నొక్కకుండా తేలిగ్గా ఆనిస్తారు. గడ్డ ఉంటే చుట్టూ ఉన్నదానికంటే నల్లగా, గుండ్రంగా కనిపిస్తుంది. అప్పుడు కలర్ డాప్లర్ మీట నొక్కితే ఆ నల్లటి చుక్క నిండా ఎర్రగా, నీలంగా రక్తప్రవాహం వెలుగుతుంది. గేటు దగ్గర పుట్టిన గడ్డ కదా, నిండా రక్తమే! పైగా ఈ పరీక్షలో ఒక సుఖం ఉంది. రోగి ‘ఇక్కడే నొప్పి’ అన్న చుక్క మీదే ప్రోబ్ పెట్టి, స్క్రీను మీద అదే చోట ఏముందో చూడొచ్చు. ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు. లోపమల్లా ఒకటే. చేసేవారి చెయ్యి, కన్ను రెండూ ఆరితేరి ఉండాలి. మరీ చిన్నదో, బల్లపరుపుగా ఉన్నదో అయితే తప్పిపోవచ్చు.

ఆ తప్పిపోయినవాటికోసం ఎమ్మారై. ఇది అయస్కాంతంతో ఒంట్లోని నీటి అణువుల నుంచి సంకేతాలు రాబట్టి బొమ్మ గీస్తుంది. ఎముకకంటే మెత్తటి కణజాలాన్నే ఇది బాగా చూపిస్తుంది. ఇందులో ‘టీ2’ అనే రకం బొమ్మల్లో గ్లోమస్ గడ్డ చీకట్లో దీపం పెట్టినట్టు తెల్లగా మెరుస్తుంది. నరంలోకి గాడోలినియం అనే మందు ఎక్కించి తీస్తే ఇంకా ప్రకాశంగా వెలుగుతుంది. ఆవగింజంత, అంటే సుమారు రెండు మిల్లీమీటర్లున్నా పట్టుకునే అవకాశం ఉంది. సర్జన్‌కి దీనివల్ల పెద్ద మేలు. గడ్డ గోరు మొదట్లో ఉందా, పక్కన ఉందా, ఒకటా రెండా అన్నది కోతకి ముందే తెలుస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. ‘చెయ్యి నొప్పి.. ఎమ్మారై’ అని చీటీ రాస్తే మొత్తం చేతికి మందపాటి ముక్కలుగా బొమ్మలు తీసేస్తారు. కందిగింజ రెండు ముక్కల మధ్యలో జారిపోతుంది. ‘చూపుడువేలి గోరు కింద గ్లోమస్ అనుమానం’ అని రాస్తే చిన్న కాయిల్ పెట్టి, ఆ వేలి కొసకి మాత్రమే సన్నటి ముక్కలు తీస్తారు. మెషీను అదే, ఖర్చూ దాదాపు అదే. తేడా చీటీలో ఉంది. స్కానింగ్ అంటే ఫొటో స్టూడియో కాదు. రేడియాలజిస్టు కూడా డాక్టరే, కేసు తెలిస్తేనే వెతకగలరు. ఎముకలు, కీళ్ల రేడియాలజీలో మన తెలుగువారి ఘనతకి గుర్తుగా నిలిచిన పద్మశ్రీ కాకర్ల సుబ్బారావు (1925-2021) అమెరికాలో పేరు తెచ్చుకుని, తర్వాత హైదరాబాదు నిమ్స్‌కి డైరెక్టరుగా పనిచేశారు. రేడియాలజిస్టంటే ఫిల్ము తీసే మనిషి అనుకునేవాళ్లు ఒక్కసారి ఆయన్ని తలుచుకోవాలి. కాబట్టి స్కానింగుకి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా అక్కడి డాక్టరుకి వేలు చూపించి, చన్నీళ్ల సంగతి కూడా చెప్పండి.

పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లకి ఎమ్మారై గది దగ్గర మరో ఇబ్బంది ఎదురవుతుంది. గాజులు, మెట్టెలు, కమ్మలు, పిన్నులు అన్నీ తీసేయాలి. అయస్కాంతం చాలా శక్తిమంతమైనది మరి. మంగళసూత్రం తీయమనేసరికి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంటి దగ్గరే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వస్తే ఈ తంటా ఉండదు. గోళ్లరంగు కూడా తుడిచేసుకుని రావాలి, కొన్ని రంగుల్లో లోహపు పొడి ఉంటుంది. గుండెలో పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కించే మందు గురించి తప్పనిసరిగా అడగాలి.

ఇవన్నీ చేశాక కూడా ఒక్కోసారి స్కాన్‌లో ఏమీ కనిపించదు. అప్పుడేం చేయాలి? చన్నీళ్ల పరీక్ష, గుండుసూది పరీక్ష రెండూ గట్టిగా చెబుతుంటే, స్కాన్ నార్మల్ ఉన్నా అనుభవమున్న సర్జన్లు గోరు ఎత్తి చూస్తారు. స్కాన్ సాక్షి మాత్రమే, జడ్జి కాదు.

కోత చిన్నదే

పాములపాడు నుంచి ఇటు ఆత్మకూరు, అటు నందికొట్కూరు దాటితే కర్నూలు. 1956 నాటి మెడికల్ కాలేజీ, పెద్దాసుపత్రి ఉన్నది అక్కడే. 2022లో జిల్లా అయిన నంద్యాలలోనూ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. వెళ్లాల్సింది ఎముకల డాక్టరు దగ్గరకో, ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకో. చేతి సర్జరీలో ప్రత్యేకంగా తర్ఫీదైనవారు దొరికితే మరీ మంచిది.

దీనికి మందుల్లేవు. గడ్డ తీసేయడమే వైద్యం. వేలి వరకే మత్తిచ్చి, గోరు పైకెత్తి, దాని కింద మెత్తటి పొరని చీల్చి గడ్డని మొత్తంగా బయటికి తీస్తారు. పక్కన ఉంటే వేలి అంచు నుంచి వెళ్తారు. సన్న దారంతో కుట్లేస్తారు. చాలావరకు అదేరోజు ఇంటికి పంపేస్తారు. తీసిన గడ్డని ల్యాబుకి పంపి బయాప్సీ చేయించాలి. ‘చిన్నదే కదా’ అని పారేయనివ్వొద్దు. అసలు రుజువు అదే. గోరు మళ్లీ పూర్తిగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కొందరిలో కొంచెం గీతపడి వస్తుంది. ఏళ్ల తరబడి వేలు దాచుకున్నవాళ్లకి అదొక లెక్కా!

అయితే ఇంకో సంగతి. నొప్పి ఉన్న ప్రతి గడ్డా గ్లోమస్ కాదు. కొవ్వుగడ్డలు సాధారణంగా నొప్పి పెట్టవు. కానీ వాటిలో రక్తనాళాలు కలిసిన ఆంజియోలైపోమా నొక్కితే నొప్పి పెడుతుంది. నరం తొడుగు మీద వచ్చే ష్వానోమాని తడితే కరెంటు కొట్టినట్టు జివ్వున లాగుతుంది. కాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లకి వచ్చే ఆంజియోలియోమయోమా కూడా బాధపెట్టేదే. ఇవేవీ క్యాన్సర్లు కావు. పైన చెప్పిన స్కానింగులతోనే వీటినీ చూస్తారు. ఇక ఒకటికి మించి వేళ్లలో గ్లోమస్ గడ్డలు వస్తుంటే, ఒంటి మీద లేత గోధుమరంగు మచ్చలు, చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయేమో చూడాలి. న్యూరోఫైబ్రోమటోసిస్ అనే వంశపారంపర్య జబ్బుకి దీనితో సంబంధం ఉంది.

దీనికి తిరగేసిన మాట ఇంకా ముఖ్యం. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. కండలో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్ గడ్డ చాలాసార్లు మొదట్లో నొప్పే పెట్టదు. తొడలోనో, భుజంలోనో లోతుగా ఉన్న గడ్డ, ఐదు సెంటీమీటర్లు మించిన గడ్డ, నెలనెలా పెరుగుతున్న గడ్డ.. నొప్పి ఉన్నా లేకపోయినా వెంటనే చూపించాలి. ఆరుస్తున్న కందిగింజ కోసం పరుగెత్తి, మౌనంగా పెరుగుతున్న నిమ్మకాయని వదిలేయకూడదు కదా.

మళ్లీ మన పత్తిచేనామె దగ్గరకొద్దాం. ఆపరేషన్ అయ్యాక కోత నొప్పి కొన్నాళ్లుంటుంది. అది వేరే నొప్పి, రోజురోజుకీ తగ్గుతుంది. పాత నొప్పి పోయిందో లేదో చూసుకునే పరీక్ష ఆమెకి తెలిసిందే. కుట్లు మానాక తొట్టిలో చన్నీళ్లు! చెయ్యి పెట్టి హాయిగా ఉంచగలిగితే సరే. మూడు నెలలు దాటినా పాత చుక్క దగ్గరే పాత పోటు వస్తుంటే గడ్డలో కొంత ముక్క మిగిలి ఉండొచ్చు, లేదా పక్కన రెండోది ఉండొచ్చు. అప్పుడు మొదటి స్కాన్ ఫిల్ములు, ఆపరేషన్ కాగితం, బయాప్సీ రిపోర్టు మూడూ ఒకే సంచిలో పెట్టుకుని మళ్లీ అదే డాక్టరు దగ్గరకి వెళ్లాలి.